వాడ వార్త ఎవరు రాయాలి? పొరుగు వార్తా వేదికలు, వాడ కూడికలు: ఒక పరిచయం

ఊళ్లో దళితవాడ మీద దాడి జరుగుతుంది. మర్నాడు జిల్లా పేజీలో ఒక మూలన నాలుగు లైన్ల వార్త వస్తుంది. "ఇరువర్గాల మధ్య ఘర్షణ, పలువురికి గాయాలు." కొట్టింది ఎవరు, దెబ్బలు తిన్నది ఎవరు, గొడవ ఎక్కడ మొదలైంది, అందులో ఏదీ ఉండదు. "పాత కక్షలే కారణమని తెలుస్తోంది" అనే ముక్క మాత్రం ఉంటుంది.

ఈ మాటలు కాగితం మీద ఊరికే పడి ఉండవు. ఘర్షణ అన్నాక రెండు పక్షాలూ తప్పు చేసినట్టే లెక్క. దెబ్బలు తిన్నవాళ్ల మీద కౌంటర్ కేసు పెట్టడానికి దారి దొరుకుతుంది. ఆ తర్వాత పెద్దమనుషులు వచ్చి "మీ మీదా కేసుంది, వాళ్ల మీదా కేసుంది, రాజీ పడండి" అంటారు. అట్రాసిటీ కేసు నీరుగారిపోవడం ఒక్కోసారి ఆ నాలుగు లైన్ల దగ్గరే మొదలవుతుంది.

అందుకే వాడలో జరిగింది వాడే రాసుకోవడం సరదా పని కాదు. ఇవాళ చేతిలో ఫోన్ ఉన్న ప్రతి వాడలోనూ వాట్సప్ గ్రూపో, యూట్యూబ్ చానలో, ఫేస్‌బుక్ పేజీయో ఉంది. వాటిని ఊరి వార్తా వేదికలుగా నిలబెట్టడం ఎలా, వాటి చుట్టూ మనుషులు నెలనెలా కూడడం ఎందుకు, మనకంటే ముందు ఈ పని చేసినవాళ్లు ఏం నేర్పారు, చట్టం ఏమంటుంది అన్నవి కార్యకర్తలకూ విద్యార్థులకూ ఒక్కచోట దొరకాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఈ పని కొత్తది కాదు

1920 జనవరి 31న డాక్టర్ అంబేడ్కర్ 'మూక్‌నాయక్' పక్షపత్రిక మొదలుపెట్టారు. పేరులోనే ఉంది, నోరులేనివాళ్ల నాయకుడని. కొల్హాపూర్ రాజు శాహూ మహారాజ్ 2,500 రూపాయలు సాయం చేశారు. డబ్బు తీసుకుని ప్రకటన వేయమన్నా తిలక్ స్థాపించిన 'కేసరి' వేయలేదు. 1927 మార్చిలో మహాడ్ చెరువు నీళ్ల కోసం సత్యాగ్రహం జరిగింది. ఏప్రిల్ 3న 'బహిష్కృత్ భారత్' మొదటి సంచిక వచ్చింది. ఈ రెండు తేదీల మధ్య ఎడం చూడండి. మహాడ్‌లో ఏం జరిగిందో ఇతరులు చెప్పేదాకా ఆగకుండా తామే చెప్పుకున్నారు. తర్వాత 'జనతా', చివరికి 1956లో 'ప్రబుద్ధ భారత్' వచ్చాయి. ఉద్యమం నడిచినన్నాళ్లూ పక్కన ఒక పత్రిక ఉంది.

తెలుగు నేల మీద కూడా అంతే. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక నడిపారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' తెచ్చారు. 1985 జూలై 17న కారంచేడు జరిగాక దళిత మహాసభ పుట్టింది. 1989లో వచ్చిన 'నలుపు' పత్రిక, బొజ్జా తారకం వంటివారి చేతుల మీదుగా, కారంచేడు తర్వాతి తరానికి మాట్లాడే చోటు ఇచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగేనాటికి మనకు మనమే రాసుకోవాలన్న ఎరుక గట్టిపడి ఉంది.

వార్తాగదుల్లో మనం లేకపోవడం దీనికి రెండో కారణం. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో అక్రిడిటేషన్ ఉన్న విలేకరుల్లో దళితుల కోసం వెతికారు. ఒక్కరూ దొరకలేదని 'పయనీర్' పత్రికలో రాశారు. 23 ఏళ్ల తర్వాత, 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి లెక్క తీశాయి. చూసిన 121 నాయకత్వ స్థానాల్లో 106 చోట్ల అగ్రకులాలవారే. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు.

మండల స్థాయిలో పరిస్థితి ఇంకో రకం. అక్కడ మనవాళ్లు కంట్రిబ్యూటర్లుగా ఉన్నారు. నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తల కొలతను బట్టి కొద్దిపాటి డబ్బు వస్తుంది. పండగలకూ నాయకుల పుట్టినరోజులకూ యాడ్స్ టార్గెట్ మాత్రం ఉంటుంది. యాడ్ ఇచ్చేది రైసుమిల్లు యజమానో, సర్పంచో, కాంట్రాక్టరో. వాళ్ల మీద వార్త రాయాల్సి వచ్చినప్పుడు ఆ విలేకరి చెయ్యి ఎందుకు వణుకుతుందో వేరే చెప్పక్కర్లేదు. తప్పు అతనిది కాదు. ఆ ఏర్పాటే అలాంటిది.

పస్తాపూర్ నేర్పింది

జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1980ల నుంచి మహిళా సంఘాలతో పనిచేస్తోంది. సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న కమతాలవాళ్లు, కూలీలు. వాళ్లలో చాలామంది బడి మొహం చూడలేదు. 1990ల చివర్లో వాళ్లు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2003లో వరంగల్ పత్తి రైతుల మీద, బీటీ పత్తి మీద వాళ్లు తీసిన సినిమాను దేశదేశాల్లో చూశారు.

నేర్చుకునేటప్పుడు వాళ్లు కెమెరా కోణాలకు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాట్ 'పటేల్ షాట్'. గడీ అరుగు మీద కూర్చుని పటేల్ కూలోళ్లను చూసే చూపు అది. కింద నుంచి పైకి చూసేది చేతులు కట్టుకుని నిలబడ్డ జీతగాడి చూపు. ఎదురెదురుగా, కళ్లలో కళ్లు పెట్టి చూసే షాట్ 'సంఘం షాట్'. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కాబట్టి. జర్నలిజం క్లాసులో ఒక సెమిస్టర్ చెప్పే పాఠం ఈ మూడు పేర్లలో ఉంది.

ఆ తర్వాత రేడియో వచ్చింది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మామూలు సంస్థలకు లైసెన్సు ఇవ్వడానికి ప్రభుత్వానికి 2006 దాకా మనసు రాలేదు. అప్పటిదాకా సంఘాల మహిళలు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు ఊరూరా సంఘం సమావేశాల్లో వినిపించేవాళ్లు. 2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో 'సంఘం రేడియో' 90.4 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడింది. స్వచ్ఛంద సంస్థలకు దారి తెరిచాక దేశంలో మొదటగా వచ్చిన కమ్యూనిటీ రేడియోల్లో అది ఒకటి. నడిపింది నర్సమ్మ పేరున్న ఇద్దరు దళిత మహిళలు. విత్తనాల ముచ్చట్లు, చిరుధాన్యాల వంటలు, పాటలు, పొలం పనుల మాటలు, అన్నీ ఆ ప్రాంతపు యాసలోనే.

మనం గమనించాల్సినవి ఇక్కడ రెండున్నాయి. మొదటిది, యంత్రం రాకముందే కూడిక ఉంది. సంఘం సమావేశం జరుగుతూ ఉంది కాబట్టి రేడియోకు చెప్పడానికి మాటలున్నాయి, వినడానికి మనుషులున్నారు. మనం సాధారణంగా తలకిందులుగా చేస్తాం. ముందు గ్రూపు పెట్టి, తర్వాత మనుషుల్ని వెతుక్కుంటాం. రెండోది, కమ్యూనిటీ రేడియోకు సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు. విత్తనం గురించి మాట్లాడొచ్చు, రాజకీయాలు మాట్లాడకూడదు. ఇంటర్నెట్ మీద మనకున్న వెసులుబాటు విలువ తెలియాలంటే ఈ నిబంధనను గుర్తుపెట్టుకోవాలి.

బుందేల్‌ఖండ్ నేర్పింది

ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్ జిల్లాలో 2002లో 'ఖబర్ లహరియా' మొదలైంది. నిరంతర్ అనే సంస్థ తోడ్పాటుతో కొద్దిమంది గ్రామీణ మహిళలు, ఎక్కువగా దళితులు, బుందేలీ భాషలో పత్రిక తెచ్చారు. కొందరు అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకున్నవాళ్లు. వాళ్లే రాసి, వాళ్లే సంచుల్లో వేసుకుని ఊరూరా అమ్మారు. 2009లో యునెస్కో అక్షరాస్యత పురస్కారం అందుకున్నారు. 2016 నుంచి కాగితం వదిలి ఫోన్, వీడియో వైపు వచ్చారు.

వాళ్ల వార్తలు పెద్ద విషయాలతో మొదలు కావు. చెడిపోయిన బోరింగు, రాని పింఛను, వేయని రోడ్డు. కానీ ఒక పని తప్పకుండా చేస్తారు. మళ్లీ వెళ్తారు. వార్త వేశాక బోరింగు బాగైందా లేదా అని చూసి, అది కూడా వార్తగా వేస్తారు. వాడ నమ్మేది దీన్నే. ఒక్కసారి వచ్చి వీడియో తీసుకుపోయేవాళ్లను మన వాడలు చాలామందిని చూశాయి.

మహిళలు రిపోర్టర్లుగా ఉంటే ఏం ఎదురవుతుందో కూడా వాళ్ల అనుభవం చెబుతుంది. 2015లో ఒక వ్యక్తి నెలల తరబడి ఫోన్లలో వేధిస్తే, పోలీసులు పట్టించుకోలేదు. ఆ సంగతి వాళ్లే బయటపెట్టి రాశాక కదలిక వచ్చింది. 2021లో వాళ్ల మీద వచ్చిన 'రైటింగ్ విత్ ఫైర్' డాక్యుమెంటరీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. అప్పుడు వాళ్లు ఆ సినిమా తమ పనిలో ఒక భాగాన్నే చూపిందని, అది తమ పూర్తి కథ కాదని బహిరంగంగా చెప్పారు. మెచ్చుకునే సినిమా అయినా సరే, మన గురించి ఇంకొకరు చెబితే ఏదో ఒకటి జారిపోతుంది. ఆ మాట చెప్పే ధైర్యం కూడా సొంత వేదిక ఉండబట్టే వచ్చింది.

ఇంకా దగ్గర ఉదాహరణలూ ఉన్నాయి. 2011లో రవిచంద్రన్ హైదరాబాద్‌లో పరిశోధక విద్యార్థిగా ఉంటూ 'దళిత్ కెమెరా' యూట్యూబ్ చానల్ పెట్టారు. కోత లేకుండా, వ్యాఖ్యానం లేకుండా మనుషుల మాటల్ని అలాగే ఉంచడం దాని పద్ధతి. ఆనాటి వీడియోలు ఇప్పుడు పరిశోధకులకు ఆకరాలు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో వచ్చిన 'సీజీనెట్ స్వర' ఇంటర్నెట్ లేని మామూలు ఫోన్‌తోనే గోండి మాట్లాడేవాళ్లు వార్త చెప్పే దారి చూపింది. 2021లో మీనా కోత్వాల్ మొదలుపెట్టిన 'ది మూక్‌నాయక్' అంబేడ్కర్ పెట్టిన పేరునే తిరిగి నిలబెట్టింది.

కూడిక ఎందుకు?

ఫోన్‌లో అందరం కలిసే ఉన్నాం కదా, మళ్లీ కూడడం ఎందుకని చాలామంది అడుగుతారు. మేము చూసినంతలో, కూడిక లేని గ్రూపు కొన్నాళ్లకు గుడ్ మార్నింగ్ బొమ్మలతో నిండిపోతుంది. లేదా ఒక పార్టీ గ్రూపు అయిపోతుంది. లేదా ఇద్దరు అడ్మిన్ల తగాదాలో రెండుగా చీలుతుంది. మనిషి ముఖం చూసి మాట్లాడే చోటు లేకపోతే అనుమానం తీరదు.

కూడికకు హాలు అక్కర్లేదు. అంబేడ్కర్ భవనం, విగ్రహం దగ్గరి అరుగు, చర్చి ఆవరణ, హాస్టల్ గది, ఉపాధి పని దగ్గరి చెట్టు నీడ, ఏదైనా సరిపోతుంది. నెలకోసారి, ఒకే రోజు, ఒకే సమయానికి జరగడం ముఖ్యం. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి నెలా చివర్లో అధికారులు దళితవాడలో పౌర హక్కుల దినం జరపాలి. చాలా ఊళ్లలో అది ఫొటో దిగడంతో ముగుస్తుంది, కొన్ని ఊళ్లలో అసలు జరగదు. మన కూడికను ఆ తేదీకే పెట్టుకుంటే తహసీల్దారు, ఎస్సై వచ్చారా లేదా అన్నదే మొదటి వార్త అవుతుంది.

కూడికలో చేయాల్సిన పనులు నాలుగే. పోయిన నెల వేసిన వార్తలు చదవడం, చదవలేనివాళ్లకు వినిపించడం. వాటిలో తప్పు ఉంటే అక్కడే చెప్పించుకుని దిద్దడం. వేసిన వార్తల వల్ల ఏమైనా కదిలిందా అని చూడడం. వచ్చే నెల ఎవరు ఏం చూడాలో పంచుకోవడం. కొత్తగా ఫోన్ పట్టినవాళ్లకు ఒక గంట నేర్పితే ఇంకా మంచిది.

ఎక్కడ కూడుతున్నామన్నది కూడా చూసుకోవాలి. ప్రతిసారీ మాలపల్లెలోనే జరిగితే మాదిగవాడ రాదు. మాదిగవాడలోనే జరిగితే మాలపల్లె రాదు. రెండు చోట్లా జరిగినా డక్కలి, రెల్లి, బుడగ జంగం కుటుంబాలకు కబురు వెళ్లకపోవచ్చు. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఈ దూరం మాటల్లోనూ కనిపిస్తోంది. ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉండొచ్చు. వాడ వార్త అందరిదీ కావాలంటే కూడిక చోటు మారుతుండాలి, రాసేవాళ్లలో అన్ని ఇళ్లవాళ్లూ ఉండాలి. ఆడవాళ్లు రాగలిగే సమయమేదో వాళ్లనే అడగాలి. రాత్రి తొమ్మిదికి పెట్టి ఆడవాళ్లు రావట్లేదని అనుకోవడంలో అర్థం లేదు.

విద్యార్థులకు ఇంకో రకం కూడిక ఉంది. 2015 నుంచి ఏప్రిల్‌ను దళిత చరిత్ర మాసంగా జరుపుతున్నారు. అందులో భాగంగా వికీపీడియాలో దళిత చరిత్ర వ్యాసాలు రాయడానికి, సరిదిద్దడానికి అందరూ ఒకచోట కూర్చునే పద్ధతి వచ్చింది. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. హాస్టల్లో పదిమంది ఒక ఆదివారం కూర్చుంటే మన ప్రాంతపు దళిత రచయితల మీద, పోరాటాల మీద ఐదారు మంచి వ్యాసాలు నిలబడతాయి. ఒక చిక్కు మాత్రం ఉంది. వికీపీడియా అచ్చయిన ఆధారం అడుగుతుంది. పత్రికలు మన గురించి రాయలేదు కాబట్టి ఆధారం ఉండదు. అందుకే పాత దళిత పత్రికల సంచికలు, నిజనిర్ధారణ నివేదికలు, సావనీర్లు ఎవరింట్లో ఉన్నా వెతికి స్కాన్ చేసి పెట్టడం కూడా వార్తాపనిలో భాగమే.

ఏది వార్త?

దాడి జరిగినప్పుడే వాడ గుర్తొస్తుందన్నది పత్రికల మీద మన ఫిర్యాదు. మన వేదిక కూడా అదే పని చేయకూడదు. శ్మశానానికి దారి లేక పొలం గట్ల మీద శవాన్ని మోసుకెళ్లడం వార్త. ఉపాధి కూలి ఎన్ని వారాలుగా పడలేదో వార్త. హాస్టల్ పిల్లలకు ఈ వారం గుడ్డు పెట్టారా లేదా వార్త. పదో తరగతి పాసైన కూలీ బిడ్డ ఫొటో వార్త. చనిపోయిన డప్పు కళాకారుడి గురించి నాలుగు మాటలు వార్త. వాడ బతుకంతా అందులో కనపడాలి.

వీటిలో చాలావాటికి సమాచార హక్కు చట్టం పనికొస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు ఎక్కడా రుసుము లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. 2013లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద మన మండలానికి ఎంత కేటాయించారు, ఎక్కడ ఖర్చు పెట్టారు అని అడిగితే చాలు, మూడు నెలలకు సరిపడా వార్తలు దొరుకుతాయి. జవాబు రాకపోతే రాలేదన్నదే ఒక వార్త.

మాటల దగ్గర జాగ్రత్త

దాడిని దాడి అనాలి, ఘర్షణ అనకూడదు. వెలివేస్తే వెలి అనాలి, "గ్రామస్తుల కట్టుబాటు" అనకూడదు. హత్యను "ప్రేమ వ్యవహారం" అనకూడదు. "ఊరు", "గ్రామస్తులు" అన్నప్పుడు అందులో మనం ఉన్నామా లేదా చూసుకోవాలి. "గ్రామస్తులు దళితులను అడ్డుకున్నారు" అని రాస్తే దళితులు గ్రామస్తులు కారని మనమే ఒప్పుకున్నట్టు.

2018 ఆగస్టులో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్లకు 'దళిత్' అనే మాట వాడొద్దని, షెడ్యూల్డ్ కులం అనమని సలహా పంపింది. కేసుల్లో, కాగితాల మీద ఎస్సీ అనే రాయాలి, అది చట్టం మాట. వార్తలో దళితుడు అని రాసుకోవడం మన హక్కు. అది ఎవరో పెట్టిన పేరు కాదు, పోరాడుతూ మనం ఎంచుకున్న పేరు.

ఫొటోల విషయంలో సంఘం షాట్‌ను గుర్తుపెట్టుకుంటే సగం తప్పులు జరగవు. రక్తం, నగ్నంగా పడేసిన శరీరం, ఏడుస్తున్న తల్లి ముఖం దగ్గరగా, ఇవి చూస్తే కోపం వస్తుంది నిజమే. కానీ ఆ కుటుంబం బతికినన్నాళ్లూ ఆ ఫొటో వాళ్ల ఫోన్లకు తిరిగి వస్తూనే ఉంటుంది. అడగకుండా వేయకూడదు.

చట్టం: తెలుసుకోవాల్సినంత

అట్రాసిటీ జరిగినప్పుడు వాడ వేదిక చేసే చిన్న తప్పు కేసునే దెబ్బతీయగలదు. ఈ భాగాన్ని కూడికలో చదివి వినిపించమని మా మనవి.

ముందు ఫిర్యాదు, తర్వాత పోస్టు. బాధితులు స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదులో ఒకలా, మనం ఆవేశంలో పెట్టిన పోస్టులో ఇంకోలా ఉంటే, రేపు కోర్టులో ఎదుటి లాయరు ఆ తేడానే పట్టుకుంటాడు. ఎంతమంది వచ్చారు, ఎవరు ఏమన్నారు, ఎక్కడ అన్నారు అన్నవి ప్రత్యక్షంగా చూసినవాళ్లు చెప్పినంతే రాయాలి. కులం పేరుతో దూషించింది బహిరంగంగా, నలుగురికీ కనపడే చోటేనా అన్నది కేసుకు ప్రాణం. అంచనాలు కలపొద్దు.

అత్యాచార బాధితురాలి పేరు గానీ, ఆమెను గుర్తుపట్టే వివరం గానీ వేయకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద అది నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్, బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఉన్నాయి. తండ్రి పేరు, ఇల్లు, బడి ఫొటో వేసినా గుర్తుపట్టినట్టే. "న్యాయం కావాలి" అని పాప ఫొటో పంచేవాళ్లు మంచి మనసుతోనే పంచుతారు, అయినా అది తప్పే.

తీసిన వీడియో అసలు ఫైలును ఆ ఫోన్లోనే ఉంచాలి. వాట్సప్‌లో పంపితే నాణ్యతా పోతుంది, ఫైలుతో ఉండే వివరాలూ పోతాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జత చేయాలి. పాత చట్టంలో అది 65బి. ఎవరు, ఎప్పుడు, ఏ ఫోన్‌తో తీశారో ఆ రోజే కాగితం మీద రాసిపెట్టుకుంటే తర్వాత పని సులువు.

అట్రాసిటీ కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. విధి నిర్వర్తించని అధికారి మీద 4వ సెక్షన్ ఉంది. ఇవన్నీ తేదీలతో గోడ క్యాలెండర్ మీద రాసుకోదగ్గవి. 61వ రోజున "చార్జిషీటు ఏది?" అని అడిగే వార్త ఒక్కటి చాలు, పెద్ద పత్రిక చేయని పని మనం చేసినట్టే.

వేదిక నడిపేవాళ్ల రక్షణకు కూడా కొన్ని తీర్పులున్నాయి. ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. గ్రూపులో ఎవరో పెట్టిన మెసేజ్‌కు అడ్మిన్‌ను దోషి చేయలేమని 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. ఇంటర్నెట్‌లో కులం పేరుతో చేసే దూషణకు కూడా అట్రాసిటీ చట్టం వర్తిస్తుందని కేరళ హైకోర్టు 2022లోనే చెప్పింది. మన పోస్టుల కింద వచ్చే బూతులను తుడిచేసే ముందు స్క్రీన్‌షాట్ తీసి, లింకు, తేదీ రాసి ఉంచాలి. 2021 నాటి ఐటీ నిబంధనలు డిజిటల్ వార్తా సంస్థలకు కొన్ని బాధ్యతలు పెట్టాయి. వ్యాపారంగానో వృత్తిగానో కాకుండా రాసే వ్యక్తులు ఆ నిర్వచనంలోకి రారు. వేదిక పెద్దదై డబ్బు తిరగడం మొదలైతే మాత్రం లాయరు సలహా తీసుకోవాలి.

డబ్బు, ప్రెస్ కార్డు

వాడ వేదికకు పెద్ద ఖర్చు లేదు. రెండు ఫోన్లు, రీచార్జి, ఆటో చార్జీ, నెలకోసారి టీ ఖర్చు. ఇది ఇంటికి పదో ఇరవయ్యో వేసుకుంటే గడుస్తుంది. లెక్క కూడికలో చదవాలి. నాయకుడి పుట్టినరోజు బ్యానర్‌కు వెయ్యి రూపాయలు తీసుకున్న రోజున ఆ నాయకుడి మీద రాసే హక్కు వెయ్యి రూపాయలకు అమ్మినట్టే.

డబ్బు కడితే ప్రెస్ కార్డు ఇస్తామనేవాళ్లు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. ఆ కార్డు మెళ్లో వేసుకున్న కుర్రాణ్ణి ఒకరోజు ఇసుక లారీ దగ్గరికి వసూలుకు పంపుతారు. కేసు పడేది ఆ కుర్రాడి మీదే. సొంత ఊరి సంగతి రాయడానికి ఏ కార్డూ అక్కర్లేదు. అభిప్రాయం చెప్పే స్వేచ్ఛ రాజ్యాంగం 19వ అధికరణంలో పౌరుడికి ఇచ్చింది, కార్డుకు ఇవ్వలేదు.

మొదలుపెట్టేవాళ్లకు

మొదటి నెలలోనే చానల్ పెట్టొద్దు. ముందు పదిమంది కూడండి. ఒక నోటుపుస్తకం కొనండి. ఊళ్లో జరిగింది తేదీ వేసి రాయండి, ఎవరు చెప్పారో పక్కన రాయండి. రాసింది ఇద్దరు సరిచూశాకే బయటికి పంపండి. ఒక్క మనిషి పేరు మీద వేదిక నడిస్తే దెబ్బ ఆ ఒక్కడికే తగులుతుంది. అందుకే పేరు సంఘానిది ఉండాలి, పాస్‌వర్డు కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి. రిపోర్టింగుకు వెళ్లే ఆడపిల్లల సొంత నంబర్లు బయట పెట్టకుండా వేదికకు వేరే సిమ్ తీసుకోవాలి. తప్పు రాస్తే ఎక్కడ రాశామో అక్కడే దిద్దుకోవాలి.

ఆర్నెల్లు ఇలా గడిస్తే ఆ నోటుపుస్తకం ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేని చరిత్ర అవుతుంది. రేపు ఎవరో వచ్చి "అది ఇరువర్గాల ఘర్షణేనట కదా" అన్నప్పుడు, తేదీతో సహా తీసి చూపించడానికి మన దగ్గర ఒక పేజీ ఉంటుంది.